ఫైబర్ స్పీకర్ బాక్సుకు ఏది నయం: రెజిన్–పుట్టీ మిశ్రమమా, గాజు మ్యాటా, ఎపాక్సీయా?

కారు డిక్కీ మూలలోనో, బొలెరో వెనక చక్రం గూటి మీదనో అతికినట్టు కూర్చునే సబ్‌ఊఫర్ (బాస్ మోగించే స్పీకర్) బాక్సు ప్లైవుడ్‌తో కుదరదు. చట్రం మీద గుడ్డ సాగదీసి, రెజిన్ (పూస్తే గట్టిపడే జిగురు ద్రవం) పట్టించి, ఫైబర్‌తో చెయ్యాల్సిందే. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో ఈ పని చేయించుకునేవాళ్లు, సొంతంగా చేసుకునేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. గుడ్డ గట్టిపడ్డాక పెంకు పలచగా ఉంటుంది. దాన్ని దళసరి చెయ్యడానికి అందరికీ ముందు తట్టే ఉపాయం రెజిన్‌లో పుట్టీ కలిపి లోపల పొయ్యడం. సరైన చోట చేస్తే అది మంచి పద్ధతే. కానీ గాజు పోగుల మ్యాట్ చెయ్యాల్సిన పనిని ఆ మిశ్రమం చేత చేయించబోతే బాక్సు పగులుతుంది. ఏది ఎక్కడ వాడాలి, ఎంత వాడాలి అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సిన విషయం.

గాజు మ్యాట్‌లో బలమంతా పోగులదే. రెజిన్ వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. వంపు, లాగుడు, అదురు వచ్చినప్పుడు ఆ భారం పోగుల మీద పడుతుంది. డబ్బాలో వచ్చే పాలిస్టర్ పుట్టీ కూడా అదే జాతి రెజిన్. అందులో టాల్కు పొడి, కొన్ని రకాల్లో సన్నటి బోలు గాజు గుళ్లు కలిసి ఉంటాయి. పొడి నొక్కుడుకు తట్టుకుంటుంది, లాగుడుకు తట్టుకోదు. అందుకే రెజిన్–పుట్టీ మిశ్రమం మందం ఇస్తుంది, బరువు పెంచుతుంది, సందులు మూస్తుంది, పెంకు మోగడం తగ్గిస్తుంది. బలం మాత్రం ఇవ్వదు. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు మీద రోజూ తిరిగే బండిలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది. మ్యాట్ లేకుండా మిశ్రమంతోనే 8 మిల్లీమీటర్లు పోసిన బాక్సుకు స్పీకర్ రింగు (స్పీకర్ బిగించే చెక్క చట్రం) చుట్టూ, బోల్టుల దగ్గర సన్నటి గీతలు పడతాయి. ఆ గీతల్లోంచి గాలి ఊదుతుంది, బాస్ చప్పబడుతుంది.

ముందున్న దారులు ఇవీ

రెజిన్ ఒక్కటే కోటు మీద కోటు వేసుకుంటూ పోవడం అన్నిటికన్నా బలహీనమైన దారి. పాలిస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు పరిమాణంలో సుమారు 7 శాతం కుంచించుకుపోతుంది. లోపల పోగులూ పొడీ లేకపోతే ఆ కుంచింపు పగుళ్లుగా తేలుతుంది. గుడ్డకు పట్టించే మొదటి కోటు వరకే ఇది సరి.

రెజిన్‌తో చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (తరిగిన గాజు పోగులను అంటించి చేసిన మ్యాట్) వెయ్యడం బలానికి అసలైన దారి. 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే) మ్యాట్ ఒక పొర చేతితో వేస్తే సుమారు 1 మిల్లీమీటరు మందం వస్తుంది. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది. చదరపు అడుగు మ్యాట్ 42 గ్రాములు తూగితే దానికి 105 గ్రాముల రెజిన్. దీని ఇబ్బందులు రెండు. పైతలం గరుకుగా వస్తుంది. గుడ్డతో మూసేసిన బాక్సులోకి స్పీకర్ రంధ్రంలోంచే చెయ్యి పెట్టి వెయ్యాలి. 10 అంగుళాల సబ్‌ఊఫర్‌కు కోసే 9 అంగుళాల పైచిలుకు రంధ్రంలో చెయ్యి దూరుతుంది. మ్యాట్‌ను అరచేతి సైజు ముక్కలుగా చింపి, ఒక్కో ముక్క బ్రష్‌తో పొడుస్తూ అతికించవచ్చు. కత్తెరతో కోసిన ముక్కల అంచులు నిలబడి గీతలు కడతాయి. చేతితో చింపితే అంచు పోగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. డోర్‌లో పెట్టే 6 అంగుళాల పాడ్‌కు (చిన్న స్పీకర్ గూడుకు) చెయ్యి దూరదు. అక్కడ మ్యాట్‌ను బయటివైపు నుంచే వేసి, దాని మీద పుట్టీ పట్టాలి.

రెజిన్–పుట్టీ మిశ్రమం చెయ్యి అందని మూలలకు, గుడ్డ చెక్కను తాకే కీళ్లకు, పెంకు లోపలి తలం మొత్తానికి. పోసి, బాక్సును అటూ ఇటూ తిప్పితే తనంతట తనే పాకుతుంది. పుట్టీలోని పొడి వల్ల కుంచింపు కూడా ఒట్టి రెజిన్ కన్నా తక్కువ. మ్యాట్ వేసిన పెంకుకు ఇది లోపలి అస్తరు.

తరిగిన గాజు పోగులు కలిపిన మిశ్రమం ఈ రెంటికీ మధ్య దారి. చెయ్యి దూరని చిన్న పాడ్లకు దీన్నే సిఫారసు చేస్తాం. 600 గ్రాముల మిశ్రమానికి 6 మిల్లీమీటర్ల పొడవున తరిగిన పోగులు 30 నుంచి 40 గ్రాములు చాలు. అంతకు మించితే పోయడానికి రాదు. పోగులు కలపగానే మిశ్రమం చిక్కబడుతుంది కాబట్టి రెజిన్ వాటా కొంచెం పెంచుకోవాలి, ఆ పెంచినదానికి కూడా క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) లెక్క వెయ్యాలి. మ్యాట్ అంత బలం రాదు, పొడి మిశ్రమం కన్నా మాత్రం చాలా నయం.

టాల్కు పొడినో పాలరాతి పొడినో రెజిన్‌లో కలుపుకోవడం చవకైన దారి. దీనిలో ఒక సుఖం ఉంది: పుట్టీ లేదు కాబట్టి ఒక్క క్యాటలిస్ట్‌తోనే పని అయిపోతుంది. బరువులో సగానికి సగం కలిపితే పోసే చిక్కదనం వస్తుంది. పొడి ఎండి ఉండాలి; వానాకాలం సంచిలో చెమ్మ పట్టిన పొడి కలిపితే గట్టిపడటం మందగిస్తుంది, బుడగలు లేస్తాయి. పొడి అడుగున దిగిపోతుంది కాబట్టి కలుపుతూనే పొయ్యాలి. లోపలి అస్తరుకు ఇది పనికొస్తుంది. బయట వేస్తే ఎమరీ పేపర్ నిండిపోయి, రుద్దేవాడి చెయ్యి పడిపోతుంది. ముఖానికి రాసుకునే పౌడరు దీనికి పనికిరాదు.

ఎపాక్సీ మంచి సరుకు, ఖరీదూ ఎక్కువే. చెక్కకు బాగా పట్టుకుంటుంది, తక్కువ కుంచించుకుపోతుంది, వాసన తక్కువ, థర్మోకోల్‌ను కరిగించదు. అయితే కొన్ని చిక్కులున్నాయి. మామూలు చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో పోగులను అంటించే బైండరు పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరిన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరిన్ ఉండదు కాబట్టి మ్యాట్ మెత్తబడదు, వంపుల్లో లేచిపోతుంది. ఎపాక్సీకి నేసిన గాజు గుడ్డే వాడాలి. హార్డ్‌నర్‌ను (గట్టిపరిచే రెండో భాగాన్ని) చలికి పెంచడం, ఎండకు తగ్గించడం కూడా కుదరదు. కంపెనీ చెప్పిన నిష్పత్తి తప్పితే ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. దాని మీద పాలిస్టర్ పుట్టీ వెయ్యాలంటే పూర్తిగా ఆరాక సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, 80 నంబరు పేపరుతో గరుకు చెయ్యాలి. మామూలు బాక్సుకు ఇంత శ్రమ అక్కర్లేదు. ఇంటి లోపల వాసన భరించలేని చోటే ఎపాక్సీకి వెళ్లండి.

పెళ్లి ఊరేగింపులకు, వినాయక చవితి పందిళ్లకు కట్టే పెద్ద డీజే బాక్సులకు పైన చెప్పినవేవీ వద్దు. అవి నలుచదరపు పెట్టెలు. ప్లైవుడ్ చౌక, బలం, త్వరగా అవుతుంది.

పుట్టీ కొనేటప్పుడు

కౌంటర్లో పుట్టీ అని అడిగితే మూడు రకాలు చేతికి రావచ్చు. కావాల్సింది డబ్బాతో పాటు ఎర్రటి పేస్టు హార్డ్‌నర్ ట్యూబు వచ్చే పాలిస్టర్ పుట్టీ. ట్యూబు లేకుండా నేరుగా పూసే ఎన్‌సీ పుట్టీ థిన్నర్ ఎగిరిపోయి ఆరే రకం. రెజిన్‌లో కలిస్తే ఆ థిన్నర్ లోపలే చిక్కుకుంటుంది. గోడలకు పట్టే వాల్ పుట్టీ సిమెంటు సరుకు, దీనికి సంబంధమే లేదు.

రెజిన్‌లో జనరల్ పర్పస్ రకం చాలు. చేపల వేటకు వెళ్లే ఫైబర్ పడవలు చేసే, బాగుచేసే చోట దొరికేది ఇదే. గోపాలపురం తీరం వైపు, ఇటు విశాఖలో రెజిన్, మ్యాట్ అమ్మే కొట్లు ఉన్నాయి. కొనేటప్పుడు ఒక్కటి తప్పకుండా అడగండి: కోబాల్ట్ కలిపి ఉందా, విడిగా కలుపుకోవాలా? కోబాల్ట్ అంటే గట్టిపడటాన్ని వేగం చేసే ఊదా రంగు యాక్సిలరేటర్. విడిగా ఇస్తే రెజిన్ బరువులో 1 శాతం కలిపి, బాగా తిప్పి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వెయ్యాలి. కోబాల్ట్‌ను, క్యాటలిస్ట్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి పొయ్యకూడదు. భగ్గున మండుతుంది, పేలనూ వచ్చు. రెండు సీసాలూ ఒకే సంచిలో పెట్టకండి, ఒకే సిరంజితో కొలవకండి.

ఈ సరుకు విజయనగరం–రాయగడ లైను రైల్లో తెచ్చుకోవద్దు. ప్రమాదకరమైన, మండే సరుకు రైలెక్కించడం రైల్వే చట్టం 1989 కింద నేరం, తోటి ప్రయాణికులకు ప్రాణగండం. కొట్టువాళ్లు లారీ ట్రాన్స్‌పోర్టులో పంపే ఏర్పాటు చేయమనండి.

మిశ్రమం పాళ్లు

సాధారణంగా పనికొచ్చేది తూకంలో సమపాళ్లు: 300 గ్రాముల రెజిన్, 300 గ్రాముల పుట్టీ. గరిటెతో ఎత్తితే అట్ల పిండిలా జారాలి. గుడ్డకు రెజిన్ పట్టించాక లోపల వేసే మొదటి పోతకు రెజిన్ రెండు పాళ్లు, పుట్టీ ఒక పాలు మేలు. పలచగా ఉండి గుడ్డ నూగులోకి దిగుతుంది. అయితే గుడ్డ బాగా తడిసి గట్టిపడ్డాకే పొయ్యాలి, లేదంటే బయటికి కారి బొట్లు కడుతుంది. రింగు కీలు చుట్టూ పూసి నిలబెట్టాలంటే రెజిన్ ఒక పాలు, పుట్టీ మూడు పాళ్లు. అది పొయ్యడానికి రాదు, బ్రష్‌తో నింపాలి.

ఎంత కలపాలన్నది తలం కొలిచి చూసుకోండి. ఒక చదరపు అడుగు మీద 3 మిల్లీమీటర్ల మందానికి సుమారు 280 మిల్లీలీటర్ల మిశ్రమం కావాలి. ఆరు చదరపు అడుగుల లోపలి తలం ఉంటే 1.7 లీటర్లు. ఈ లెక్క ఇంకో పనికీ ముఖ్యం: ఆ 1.7 లీటర్లు బాక్సు లోపలి గాలి పరిమాణంలోంచి తగ్గుతుంది. 20 లీటర్ల సీల్డ్ (గాలి రంధ్రం లేని) బాక్సులో అది 8 శాతం పైనే. ముందే బాక్సును అంత పెద్దదిగా కట్టుకోవాలి. పోసి ఆరాక మరమరాలు నింపి, వాటిని లీటరు గ్లాసుతో కొలిస్తే అసలు పరిమాణం తెలిసిపోతుంది. ఒక ఘనపుటడుగు అంటే 28.3 లీటర్లు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగే చోటికి వద్దాం. రెజిన్ గట్టిపడేది ఎంఈకేపీ అనే నీళ్లలాంటి క్యాటలిస్ట్‌తో, కోబాల్ట్ సాయంతో. పుట్టీ గట్టిపడేది బీపీవో అనే ఎర్ర పేస్టుతో. దానికి సాయపడే అమైన్ పుట్టీలోనే ఉంటుంది. రెండూ వేర్వేరు జంటలు. మిశ్రమంలో ఎర్ర పేస్టు ఒక్కటే వేస్తే రెజిన్ వాటా రబ్బరులా మిగిలిపోతుంది. ఎంఈకేపీ ఒక్కటే వేస్తే పైకి గట్టిపడినట్టే ఉండి లోపల మెత్తటి మచ్చలు మిగలవచ్చు. రెండూ వెయ్యాలి, రెజిన్ బరువుకు ఎంఈకేపీ, పుట్టీ బరువుకు ఎర్ర పేస్టు, దేని లెక్క దానిదే.

పైన చెప్పిన 300, 300 గ్రాములకు 30 డిగ్రీల వేడిలో లెక్క ఇలా వస్తుంది. ఎంఈకేపీ 1.5 శాతం అంటే నాలుగున్నర గ్రాములు, సూది తీసేసిన సిరంజిలో సుమారు 4 మిల్లీలీటర్లు. ఎర్ర పేస్టు 2 శాతం అంటే 6 గ్రాములు. కంటి అంచనా వద్దు. నగల కొట్టులో వాడే లాంటి చిన్న డిజిటల్ కాటా కొనండి. ఇంత ఖర్చు పెట్టే పనిలో అదొక్కటే అన్ని తప్పులనూ సగానికి తగ్గిస్తుంది.

కలిపే వరుస కూడా చూసుకోవాలి. పుట్టీని వెడల్పాటి గిన్నెలో వేసి, రెజిన్‌ను కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. రెజిన్‌లోకి పుట్టీ ముద్దలు వేస్తే ఉండలు విడవవు. ఇప్పటికి హార్డ్‌నర్ ఏదీ పడలేదు కాబట్టి తొందర లేదు, నింపాదిగా కలపవచ్చు. ముందు ఎర్ర పేస్టు వేసి ఒక నిమిషం, ఎర్ర చారలు పోయి మొత్తం ఒకే గులాబీ రంగు వచ్చేదాకా. ఆపైన ఎంఈకేపీ వేసి ఇంకో నిమిషం. గిన్నె అంచులు, అడుగు గీకి మరీ కలపాలి. అక్కడ అంటుకున్న మిశ్రమమే తర్వాత బాక్సులో ఆరని మచ్చ అవుతుంది. రెండు హార్డ్‌నర్లను ముందే ఒకచోట కలిపి పెట్టుకోవద్దు.

రెజిన్‌కు విడిగా, పుట్టీకి విడిగా హార్డ్‌నర్ కలిపి, తర్వాత రెంటినీ కలిపేవాళ్లూ ఉన్నారు. ఫలితంలో తేడా లేదు కానీ పుట్టీ 5 నిమిషాల్లోపే ముద్ద కడుతుంది, కలిపేలోపు చెయ్యి దాటిపోతుంది. ముందు కలిపి, తర్వాత హార్డ్‌నర్లు వెయ్యడమే మేలు. అప్పుడు పోసి తిప్పడానికి సుమారు 10 నిమిషాలు దొరుకుతాయి.

ఒక్కో పోత 3 మిల్లీమీటర్లు మించకూడదు. దళసరిగా ఒకే చోట నిలిస్తే లోపలి వేడి బయటికి పోలేక మరిగినట్టు అవుతుంది, గీతలు పడతాయి, గుడ్డ పెంకు వంగిపోతుంది. చెయ్యి పెడితే చల్లగా తగిలాకే రెండో పోత. పై పొర ఇంకా జిగురుగా ఉండగానే రెండోది పోస్తే రెండూ ఒకటైపోతాయి. ఒక రాత్రి దాటితే 80 నంబరు పేపరుతో గీరి, దుమ్ము తుడిచి పొయ్యాలి.

చిక్కగా ఉందని థిన్నర్, ఎసిటోన్ పోయడం మనవైపు బాగా అలవాటు. అవి మిశ్రమంలో భాగం కావు, ఇరుక్కుని మెల్లగా బయటికి వస్తాయి. వారాల తర్వాత కూడా తలం కుంగుతుంది, పెయింటు కింద బుడగలు వస్తాయి. పలచన చెయ్యాలంటే రెజినే పెంచండి, లేదా స్టైరిన్ మోనోమర్ 5 శాతం లోపు. ఎసిటోన్ బ్రష్‌లు కడగడానికి.

వాతావరణం చూసి లెక్క మార్చడం

బరంపురం సముద్ర తీరానికి దగ్గర. అక్కడ ఉప్పుగాలి, చెమ్మ. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడా సెమిలిగుడలోనూ చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. ఒకే డబ్బా, ఒకే కొలత ఈ రెండు చోట్లా ఒకేలా పనిచెయ్యదు.

మే నెలలో 35 డిగ్రీలు దాటినప్పుడు ఎంఈకేపీ 1 శాతం చాలు, ఒకసారికి 300 గ్రాములకు మించి కలపొద్దు. చలికాలం 18, 20 డిగ్రీలప్పుడు 2 శాతం దాకా వెళ్లవచ్చు. అంతకన్నా తగ్గించినా పెంచినా నష్టమే: 0.75 శాతం కిందికి వెళ్తే ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, రెండున్నర దాటితే పెళుసుబారుతుంది. 15 డిగ్రీల లోపు పని పెట్టుకోవద్దు. తప్పనిసరైతే రెజిన్ డబ్బాను, మూత బిగించి, గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కాసేపు ఉంచి వాడండి. పొయ్యి దగ్గరికి తేవద్దు. రెజిన్‌లోని స్టైరిన్‌కు ఫ్లాష్ పాయింట్ 31 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన ఎండకే దాని మీద మండే ఆవిరి లేస్తుంది. బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగ్ పక్కన ఉండకూడదు.

ఎర్ర పేస్టు విషయంలో ఎండాచలీ బట్టి మార్చేది తక్కువ: పుట్టీకి 1.5 నుంచి 2.5 శాతం. ఎక్కువైతే త్వరగా ఆరుతుంది కానీ మిగిలిన ఎర్ర రంగు తర్వాత పెయింటులోకి ఊరి మచ్చ పడుతుంది. తెల్ల పెయింటు వేసిన బాక్సు మీద అది దాచలేం.

చెమ్మ విషయంలో అసలు శత్రువు గుడ్డ, మ్యాట్. చెమ్మ పట్టిన మ్యాట్ రెజిన్ తాగదు, తెల్లగా పొరలుపొరలుగా లేస్తుంది. మ్యాట్ చుట్టను ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి ఉంచండి. చట్రం మీద సాగదీసే ఫ్లీస్ గుడ్డను ఎండలో బాగా ఆరబెట్టి బిగించండి, పని మాత్రం నీడలో చెయ్యండి; ఎండలో పోస్తే పైపొర ముందే గట్టిపడి ముడతలు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన పడుతున్న రోజు పోత వద్దు. వాన తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం నయం.

స్పీకర్ రింగు సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. తీరం వైపు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) రింగు చెమ్మకు ఉబ్బుతుంది, గుడ్డ కీలు దగ్గర మిశ్రమం ఊడుతుంది. ఐఎస్ 710 గుర్తు ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడండి. ఎండీఎఫే ఉంటే అన్ని అంచులకూ ముందు రెజిన్ పట్టించండి. స్క్రూలు మిశ్రమంలోకి దిగితే పట్టవు. చెక్కలోకే దిగాలి, బరువైన సబ్‌ఊఫర్‌కు టీ-నట్లు (చెక్కలో దిగబడే పళ్లున్న నట్లు) వెయ్యాలి.

బయటి తలానికి ఏది

ఇక్కడ మిశ్రమం వద్దనే చెప్తాం. డబ్బా పుట్టీలో మైనం ఉంటుంది. గట్టిపడేటప్పుడు అది పైకి తేలి గాలిని అడ్డుకుంటుంది, అందుకే తలం జిగురు లేకుండా ఆరుతుంది. మామూలు రెజిన్‌లో మైనం ఉండదు; గాలి తగిలిన పైపొర జిగురుగానే ఉండిపోతుంది. పుట్టీలో రెజిన్ కలిపితే ఆ మైనం పలచబడుతుంది. రుద్దితే పేపరు నిండిపోతుంది, అంచులు సన్నగా దిగవు, ముక్కలుగా లేస్తాయి. బయటికి ఒట్టి పుట్టీ, 2 మిల్లీమీటర్లలోపు, రెండు పట్లు. ముందు 80 నంబరు, తర్వాత 120, 180. ఆఖరికి సూది రంధ్రాలకు సన్నటి ఫినిషింగ్ పుట్టీ, దాని మీద 220, 320. పుట్టీ తలాన్ని నీళ్లతో రుద్దకండి. టాల్కు నీళ్లు పీల్చుకుని, ప్రైమర్ కింద బుడగ కడుతుంది. బరంపురం చెమ్మలో ఆ పుట్టీని రోజుల తరబడి ప్రైమర్ లేకుండా వదిలేసినా అదే జరుగుతుంది.

తేడా కొట్టినప్పుడు చూడాల్సినవి

మర్నాటికి కూడా లోపలి తలం వేలికి అంటుకుంటుంటే గోరుతో నొక్కండి. గోరు దిగకపోతే అది గాలి తగిలిన పైపొర జిగురే, కంగారు లేదు. ఎసిటోన్ గుడ్డతో తుడిస్తే పోతుంది. గోరు దిగితే హార్డ్‌నర్ తక్కువైంది, లేదా కలవలేదు. దాని మీద ఇంకో పోత పోసి కప్పెయ్యడం వల్ల ఏమీ రాదు. మెత్తటి భాగాన్ని గీకి తీసెయ్యాల్సిందే.

కీళ్లలో గాలి పోతోందో లేదో చూడటానికి చీకట్లో బాక్సు లోపల చిన్న ఎల్ఈడీ దీపం పెట్టండి. వెలుతురు చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ చిక్కటి మిశ్రమం. వేళ్ల కణుపులతో తడుతూ పోతే పలచని చోటు డప్పుగా మోగుతుంది. ఆ మోత బల్లపరుపు భాగాల్లోనే ఎక్కువ. వంపు ఉన్న చోట పెంకు తనకు తానే గట్టిగా ఉంటుంది. మోగే చోట ముందు మ్యాట్ ముక్కలు రెండు పొరలు, ఆపైనే మిశ్రమం. వెడల్పాటి భాగమైతే లోపల చెక్క కర్ర అడ్డం పెట్టి మ్యాట్‌తో అంటించడమే సరైన మందు.

బండిలోనే అచ్చు తీసేటప్పుడు కార్పెట్ మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు, దాని మీద అల్యూమినియం రేకు కాగితం పరచాలి. ఆకారం కోసం థర్మోకోల్ పెడితే దాన్నీ రేకు కాగితంతో మూసెయ్యాలి, లేదంటే స్టైరిన్‌కు కరిగిపోతుంది.

ఏ బండికి ఎంత

డోర్‌లో 6 అంగుళాల పాడ్: బయటి నుంచి 450 జీఎస్ఎం మ్యాట్ రెండు పొరలు, లోపల తరిగిన పోగులు కలిపిన మిశ్రమం 2 మిల్లీమీటర్లు. డిక్కీ మూలలో 10 అంగుళాల సీల్డ్ బాక్సు: మ్యాట్ నాలుగైదు పొరలు, లోపల సమపాళ్ల మిశ్రమం 3 మిల్లీమీటర్లు ఒకే పోత. 12 అంగుళాలు, పెద్ద యాంప్లిఫయరు అయితే ఆరు పొరల మ్యాట్, బల్లపరుపు చోట్ల కర్ర అడ్డాలు, మిశ్రమం కీళ్లకు మాత్రమే. ఘాట్ రోడ్ల మీద తిరిగే జీపు, బొలెరోలకు రింగు చుట్టూ ఇంకో పొర మ్యాట్ కలపండి. డబ్బులు తగ్గించుకోవాలనుకుంటే మిశ్రమంలో పుట్టీ బదులు ఎండు టాల్కు వాడండి, మ్యాట్ పొరలు మాత్రం తగ్గించకండి.

కళ్లకు రక్షణ కళ్లద్దాలు (గాగుల్స్) లేకుండా ఎంఈకేపీ సీసా మూత తీయొద్దు. ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వాసనకు గుడ్డ మాస్కు పనిచెయ్యదు; రసాయన ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కాట్రిజ్ ఉన్న మాస్కు కావాలి. రుద్దేటప్పుడు గాజు దుమ్ము ఊపిరిలోకి పోకుండా దుమ్ము ఫిల్టరు ఉండాలి. మిగిలిన మిశ్రమాన్ని డబ్బాలో ముద్దగా వదిలేస్తే వేడెక్కి పొగలు వస్తాయి. ఆరుబయట ఇసుక మీద పలచగా పరచి గట్టిపడ్డాకే పారెయ్యండి. క్యాటలిస్ట్ తుడిచిన గుడ్డను చెత్తబుట్టలో వెయ్యకుండా నీళ్లలో తడిపి విడిగా పెట్టండి.

అంతా అయ్యాక స్పీకర్ బిగించడానికి రెండు మూడు రోజులు ఆగండి. ఆ రోజుల్లో రంధ్రం తెరిచే ఉంచి, గాలి ఆడే చోట పెట్టండి. మిగిలిన స్టైరిన్ వాసన మూసిన బాక్సులో నిలిస్తే స్పీకర్ అంచు ఫోమ్, జిగురు దెబ్బతినే ప్రమాదముంది. ముక్కు దగ్గర పెట్టినా వాసన రానప్పుడు బిగించండి.